రిలీవరు లేని డ్యూటీ

ఉద్యోగి కుటుంబ వివరాలు నింపే ప్రతి పత్రంలోనూ భార్య పేరు, వయస్సు తరువాత 'వృత్తి' అని ఒక గడి ఉంటుంది. మనలో చాలామంది ఆ గడిలో 'గృహిణి' అని రాసి, కొందరైతే ఒక అడ్డగీత గీసి, తరువాతి గడికి వెళ్ళిపోతారు. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. పత్రానికి ఎంత వివరం కావాలో అంతే పత్రంలో రాస్తాము. అయితే ఐదేళ్ళలోపు పిల్లలు ఇద్దరున్న ఇంట్లో, అందునా షిఫ్టులలో పనిచేసే ఉద్యోగి ఇంట్లో, ఆ ఒక్క మాట వెనుక ఇరవైనాలుగు గంటల పని ఏ విధంగా నడుస్తుందో మన పత్రిక పాఠకులకు ఒకసారి వివరంగా చెప్పాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను. పాఠకులలో సగంమందికి ఇది తెలిసిన సంగతే. మిగిలిన సగంమంది ఆ సమయాలలో డ్యూటీలోనో నిద్రలోనో ఉంటారు కనుక వారికి కొంత కొత్తగా ఉండవచ్చు.

నా పరిచయం రెండు మాటలలో చెబుతాను. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి నాలుగేళ్ళు, చంటిదానికి ఏడాదిన్నర. మావారు షిఫ్టు ఉద్యోగి. అత్తగారు బొబ్బిలి దగ్గర పల్లెలో ఉంటారు. ఏడాదికి రెండుసార్లు వచ్చి నెలరోజులు ఉండి వెళతారు.

షిఫ్టు చార్టు

మన ఉక్కునగరంలో షిఫ్టు ఉద్యోగి ఇంట గోడగడియారం కన్నా షిఫ్టు చార్టుకే మన్నన ఎక్కువ. ఉదయం 6 నుండి మధ్యాహ్నం 2 వరకు 'ఎ', 2 నుండి రాత్రి 10 వరకు 'బి', 10 నుండి మర్నాడు 6 వరకు 'సి'. మా ఇంట చార్టు ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. చుట్టాల రాకపోకలు, టీకాల తేదీలు, పిల్లవాడి పుట్టినరోజు, ఏది నిర్ణయించుకోవాలన్నా ముందు దాని దగ్గరకే వెళ్ళాలి.

కర్మాగారం రాత్రింబవళ్ళు ఎందుకు నడవాలో మావారు పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారు. కోక్ ఓవెన్ బ్యాటరీని చల్లారనిస్తే లోపలి సిలికా ఇటుకలు పగుళ్ళు తీస్తాయట. కనుక పండుగ వచ్చినా, వాన వచ్చినా దానిని వేడిగా ఉంచవలసిందేనట. అప్పుడు విని ఊరుకున్నాను. పెద్దవాడు పుట్టిన మూడవ వారానికల్లా ఆ సంగతి నాకు పూర్తిగా బోధపడింది. పుట్టిన బిడ్డ రోజుకు పదునాలుగు నుండి పదిహేడు గంటలు నిద్రపోతాడని పుస్తకాలలో ఉంటుంది. అది నిజమే. కాని ఆ నిద్ర రెండేసి మూడేసి గంటల ముక్కలుగా ఉంటుందనీ, ఆ ముక్కల మధ్య సందులన్నీ తల్లివేననీ పుస్తకం చివరి పేజీ వరకు చదివినవారికి గాని తెలియదు.

'ఎ' షిఫ్టు వారంలో నాలుగున్నరకు లేవాలి. ఐదుంబావుకు క్యారేజి సిద్ధం కావాలి. పిల్లలు లేచేసరికి నాన్నగారు ఉండరు గాని మధ్యాహ్నానికి వచ్చేస్తారు. 'బి' షిఫ్టు వారంలో ఉదయమంతా ఇల్లు కళకళలాడుతుంది. సాయంత్రం, పిల్లలు ఇద్దరూ ఒకేసారి అలసిపోయి ఒకేసారి పేచీ పెట్టే వేళకు, నేను ఒక్కదాన్నే ఉంటాను. ఈ రెండు వారాలూ ఎలాగో గడిచిపోతాయి. ఇంటి సామర్థ్యమంతా బయటపడేది 'సి' షిఫ్టు వారంలోనే.

పగటి నిద్ర

'సి' షిఫ్టు ముగించుకుని మావారు ఇల్లు చేరేసరికి ఆరూ నలభై ఐదు అవుతుంది. స్నానం, ఇడ్లీలు, కాఫీ అయ్యి పక్క ఎక్కేసరికి ఎనిమిది. సరిగ్గా అప్పటికే పిల్లలిద్దరికీ తెల్లవారి, ఒంట్లో బలమంతా పుంజుకుని ఉంటుంది. రెండు గదుల క్వార్టర్. మధ్యన ఒక తలుపు.

రాత్రి పని చేసినవారు పగలు ఎందుకు సరిగా నిద్రపోలేరు అనే విషయమై శాస్త్రజ్ఞులు చాలా పరిశోధన చేశారు. మన శరీరంలోని కణాలలో పగలు రాత్రులను అనుసరించే ఒక గడియారం ఉన్నది. అది నడిచే తీరును కనుగొన్నందుకు ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వెలుతురు పెరుగుతున్నకొద్దీ ఆ గడియారం మనిషిని మెలకువవైపే లాగుతుంది. అందుచేత పగటి నిద్ర రాత్రి నిద్రకన్నా తక్కువసేపు పడుతుంది, చిన్న చప్పుడుకే చెదిరిపోతుంది. ఒకసారి చెదిరితే మళ్ళీ పట్టదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఎనిమిదికి పడుకున్న మనిషి పిల్లల గోలకు పన్నెండుకే లేచాడనుకుందాం. ఆపైన నిద్రపోకుండా రాత్రి డ్యూటీకి వెళితే, మర్నాడు ఉదయం ఆరింటికి అతను లేచి పద్దెనిమిది గంటలైనట్లు. వరుసగా పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి నేర్పు, చురుకుదనం 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ప్రకటించారు. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో మద్యానికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే ఒక్క చుక్క ముట్టని నిష్ఠాపరుడు కూడా నిద్ర చాలక ఆ హద్దు దాటినవానితో సమానమౌతాడన్నమాట. త్రీ మైల్ ఐలండ్ (1979), భోపాల్ (1984), చెర్నోబిల్ (1986) ప్రమాదాలు మూడూ రాత్రి వేళల్లోనే జరిగాయి. వాటికి కారణాలు అనేకం. నిద్ర ఒక్కటే అని ఎవరూ అనరు. అయినా ఆ వేళల్లో మనిషి కన్ను, చెయ్యి ఎంత మెలకువగా ఉండాలో వేడి లోహం పక్కన పనిచేసేవారికి నేను చెప్పనవసరం లేదు.

హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు స్టోర్సులో ఇస్తారు. నిద్రను మాత్రం స్టోర్సు నుండి ఇవ్వలేరు. దానిని ఇంట్లోనే సమకూర్చాలి, సమకూర్చే పని గృహిణిది. 'సి' షిఫ్టు వారంలో మా ఇంట కుక్కరు ఈలలన్నీ ఆరున్నరలోపే వేసేస్తాయి. చట్నీకి కావలసినది ముందురోజు సాయంత్రమే రుబ్బి పెడతాను. కాలింగ్ బెల్ స్విచ్ తీసేస్తాను. పడకగది కిటికీకి పాత దుప్పటి ఒకటి పరదాలాగా కడతాను. స్టీలు గిన్నెలు, మూతలు పై అరలోకి, ప్లాస్టిక్ డబ్బాలు కింది అరలోకి చేరతాయి. చంటిపిల్ల చేతికి అందేది ఏదైనా నేల మీద పడక తప్పదు కనుక పడినా చప్పుడు కానివే అందేలా ఉంచాలి. పెద్దవాడితో గుసగుసల ఆట ఆడతాను. నాన్నగారు లేచేవరకు ఇద్దరమూ పిల్లులమన్నమాట. నాలుగేళ్ళవాడు పిల్లిగా ఎంతసేపు ఉండగలడు? అరగంట. మహా అయితే నలభై నిమిషాలు. ఆ తరువాత పులి అవుతాడు.

కనుక ఎనిమిదింబావుకల్లా ఇంటికి తాళం కాకుండా గడియ వేసుకుని ముగ్గురమూ బయటపడతాము.

మెట్లవరుస

పెద్దవాడిని నర్సరీలో దింపిన తరువాత చంటిదాన్ని చంకనేసుకుని నేను ఎక్కడికి వెళ్ళాలి? ఎండ ముదిరితే పార్కులో ఉండలేము. విశాఖ ఎండ ఎంతో, దానికి తోడు సముద్రపు గాలి తెచ్చే ఉక్క ఎంతో ఇక్కడివారందరికీ అనుభవమే. ఈ ప్రశ్నకు సమాధానం మా మెట్లవరుసలోనే ఉన్నది. ఆ ఏర్పాటు ఏ సర్క్యులరులోనూ లేదు. ఎప్పుడు మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

మా మెట్లవరుసలో పసిపిల్లలున్న ఇళ్ళు నాలుగు. ఎవరింట 'సి' షిఫ్టు నడుస్తుంటే వారి పిల్లలు 'ఎ' షిఫ్టు ఇంట్లో ఉంటారు. 'ఎ' షిఫ్టువారింట ఉదయం నిద్రపోయే మనిషి ఉండడు కదా! పక్కింటి వదినగారి హాలులో ఒక్కొక్క రోజు ఐదుగురు పిల్లలు తేలతారు. ఒకరు ఉగ్గు కలుపుతుంటే ఒకరు నీళ్ళు పట్టుకుంటారు. పై అంతస్తులో ఉండే ఒడియా సోదరి పప్పు నూరుతూనే ముగ్గురు పిల్లలకు కాకి కథ చెబుతారు, వారి భాషలోనే. మావాడు చిన్న చెల్లిని 'చెల్లి' అనీ, ఆమె ఎదుట 'భొఉణీ' అనీ, భిలాయి నుండి బదిలీ మీద వచ్చిన కుటుంబంలోని పాపతో హిందీలోనూ మాట్లాడతాడు. ఏది ఏ భాషో వాడికి తెలియదు. ఎవరితో ఏ మాట అనాలో మాత్రం తెలుసు.

ఈ ఏర్పాటులో అప్పు, బాకీ లెక్కలు రాయరు గాని ఎవరూ మరచిపోరు. నేను రెండు పూటలు వదిలి, ఒక పూట కూడా తీసుకోకపోతే మాట రాదు గాని ముఖం మారుతుంది. అది సబబే. పిల్లలను చూడటం ఊరికే అయ్యే పని కాదని అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళం మేమే.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నేను ఇక్కడ లేను. వదినగారు చెబుతారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకు చెప్పినంత ధర. ఆమె రెండవ కొడుక్కు అప్పుడు తొమ్మిది నెలలట. ఎవరింట పాలపొడి ఉన్నదో, ఎవరింట గ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నదో లెక్క తీసి, పసిబిడ్డలున్న ఇళ్ళకు ముందు పంచిపెట్టుకున్నారట. పెద్దవాళ్ళు నల్లకాఫీ తాగారు. గంజితోనే గడిపిన ఇళ్ళూ ఉన్నాయి. మెట్లవరుస అంటే ఏమిటో తనకు ఆ వారంలో తెలిసిందని వదినగారు అంటారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పక తప్పదు. పిల్లలతో ఇంటిపట్టున ఉండే తల్లి అనాదిగా ఉన్నదని అందరూ అనుకుంటారు. నాకు అలా తోచదు. పిల్లలను సాకే తల్లులు ఎల్లప్పుడూ ఉన్నారు. అయితే తలుపు వేసుకుని ఒక్కతే సాకే తల్లి కొత్త మనిషి. మా అత్తగారి ఇంట నలుగురు ఆడవాళ్ళు ఉండేవారట. ఆమె పొలానికి అన్నం తీసుకువెళితే బిడ్డ పెద్దమ్మ ఒళ్ళో ఉండేది. పెద్దమ్మ వంటకు లేస్తే తాతగారి మంచం పక్క ఉయ్యాలలో ఉండేది. చేయి మారేదే గాని బిడ్డ ఒంటరి అయ్యేది కాదు, తల్లీ ఒంటరి అయ్యేది కాదు. 1950ల చివర భిలాయి, రూర్కెలా వంటి ఉక్కు పట్టణాలు వెలిసినది మొదలు ఎక్కడెక్కడి నుండో ఉద్యోగం కోసం వచ్చిన భార్యాభర్తలు ఇద్దరే ఒక క్వార్టరులో కాపురం పెట్టడం అలవాటైంది. క్వార్టరుతోపాటు నీళ్ళు, కరెంటు, బడి, ఆసుపత్రి వచ్చాయి. పెద్దమ్మ రాలేదు.

లెక్కకు వచ్చినవి, రానివి

మన దేశంలో స్త్రీ పురుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో తెలుసుకునే ప్రయత్నం మొదట 1998-99లో ఆరు రాష్ట్రాలలో జరిగింది. హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒరిస్సా, తమిళనాడు, మేఘాలయ. తెలుగునేల అందులో లేదు. దేశమంతటా జరిగిన మొదటి సర్వే 2019లోనిది, రెండవది 2024లోనిది. 2024 సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లలను, పెద్దలను చూసుకోవడానికి, ఆ పని చేసేవారిలో స్త్రీలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు. 2019లో ఇంటిపని లెక్క స్త్రీలకు 299, పురుషులకు 97. ఐదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గాయి. పురుషులకు తొమ్మిది తగ్గాయి. ఎవరికి సంతోషించాలో పాఠకులే చెప్పాలి.

ఈ సర్వేలో ముందురోజు తెల్లవారుజామున నాలుగు నుండి మర్నాడు నాలుగు వరకు, అరగంటకు ఒక గడి చొప్పున, ఏమేమి చేశారో అడిగి రాసుకుంటారు. చాలా మంచి పద్ధతి. అయితే నా రోజును ఆ గడులలో పెట్టి చూసుకుంటే ఒక చిక్కు వస్తుంది. పదిన్నర నుండి పదకొండు వరకు నేను ఏమి చేశాను? బియ్యంలో రాళ్ళు ఏరాను. నిజమే. కాని ఆ అరగంటలో నా కళ్ళు సగం పళ్ళెంలో ఉన్నాయి, సగం చంటిదాని నోటి మీద ఉన్నాయి. అది ఆ బియ్యపు గింజలలో ఒక రాయిని ఏరి నోట్లో పెట్టుకుంటుందేమోనని. నిమిషానికి రెండుసార్లు తల ఎత్తాను. ఒకసారి స్విచ్ బోర్డు దగ్గర నుండి, ఒకసారి బాత్‌రూం బకెట్టు దగ్గర నుండి తీసుకువచ్చాను. పని అంటే బియ్యం ఏరడం అని రాస్తారు. అసలు పని ఆ కనిపెట్టుకుని ఉండటమే. కంట్రోల్ రూంలో మీటర్లు చూస్తూ కూర్చున్న ఉద్యోగిని 'ఏమీ చేయటం లేదు' అని ఎవరమూ అనము. అక్కడ ఏమీ జరగకపోవడమే అతని పనితనం. ఏడాదిన్నర పిల్ల ఉన్న ఇంట్లో సాయంత్రానికి ఏమీ జరగలేదంటే అది కూడా అటువంటిదే.

ఇంటిపనికి విలువ ఎలా కట్టాలి అనే ప్రశ్న చాలా పాతది. మార్గరెట్ రీడ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1934లోనే ఒక సులభమైన కొలత చెప్పింది. ఏ పనిని జీతమిచ్చి మరొకరిచేత చేయించుకోవడానికి వీలున్నదో ఆ పని ఉత్పత్తి కిందకే వస్తుంది. వంట, ఉతుకు, పిల్లల పోషణ అన్నీ ఈ కొలతకు సరిపోతాయి. మన న్యాయస్థానాలకు ఈ ప్రశ్న ఎక్కువగా దుఃఖ సందర్భాలలోనే ఎదురైంది. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవ పందిరి అంటుకుని ఉద్యోగుల కుటుంబాలలోని స్త్రీలు, పిల్లలు అనేకమంది మరణించారు. మరణించిన గృహిణుల సేవలకు మొదట ఏడాదికి 12,000 రూపాయల విలువ కట్టారు. అది చాలదని, 34 నుండి 59 ఏళ్ళ గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలైనా లెక్కించాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. జనాభా లెక్కలలో గృహిణులను యాచకులతోపాటు పనిచేయనివారి పద్దులో వేసిన తీరును అదే కోర్టు 2010లో గట్టిగా ఆక్షేపించింది. 2021 జనవరిలో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు ఒక తీర్పుకు తోడుగా రాసిన తమ అభిప్రాయంలో 2019 సర్వే లెక్కలనే ఉదహరిస్తూ, గృహిణి సంపాదన లేని మనిషి అనే భావన తప్పని స్పష్టం చేశారు.

ఇవి సంతోషించవలసిన విషయాలే. అయితే ఈ విలువలన్నీ మనిషి పోయిన తరువాత నష్టపరిహారం కోసం కట్టినవి. బ్రతికి ఉండగా ఏమి చేయాలి అనేది కోర్టు తేల్చే విషయం కాదు. అది ఇంట్లోనే తేలాలి.

రాత్రి రెండు గంటలకు

'సి' షిఫ్టు వారంలో పగటి కష్టం ఒక ఎత్తు, రాత్రి బాధ్యత ఒక ఎత్తు. మొన్న చలికాలంలో ఒక రాత్రి రెండు గంటలకు చంటిదాని ఒళ్ళు కాలిపోతుంటే మెలకువ వచ్చింది. థర్మామీటరులో 103. ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో కొందరికి జ్వరంతోపాటు ఫిట్స్ వచ్చే వీలున్నదని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. బరువునుబట్టి ఎంత మందు పోయాలో కూడా రాసి ఇచ్చారు. ఆ చీటీ ఫ్రిజ్ మీద షిఫ్టు చార్టు పక్కనే అంటించి ఉన్నది. మందు పోశాను. దుప్పటి తీసి, పలుచటి గౌను వేశాను. అరగంట చూశాను. జ్వరం తగ్గలేదు సరికదా, పిల్ల చెవి పట్టుకుని ఏడుపు ఆపటం లేదు.

పక్కింటి తలుపు తట్టాను. వారిది ఆ వారం 'ఎ' షిఫ్టు. మరో రెండు గంటలలో లేవవలసిన అన్నయ్యగారు ఒక్క మాట అడగకుండా స్కూటరు తీశారు. వదినగారు వచ్చి మా మంచం మీద పెద్దవాడి పక్కన పడుకున్నారు. క్యాజువాలిటీలో డాక్టరుగారు పరీక్షించి చెవిలో చీము పట్టిందని మందులు రాశారు. నాలుగింటికి ఇల్లు చేరాము. అన్నయ్యగారు ఇక పడుకోలేదు. అటునుంచి అటే తయారై డ్యూటీకి వెళ్ళారు.

మావారికి నేను ఫోను చేయలేదు. ప్రాణం మీదకు వస్తే షిఫ్టు ఇన్‌చార్జిగారు మరొకరిని కూర్చోబెట్టి పంపుతారని నాకు తెలుసు. అంత అవసరం కాదని నాకు తోచింది. ఊరక కబురు చేస్తే వారు కుర్చీ వదలి రాలేరు, మనసు మాత్రం కుర్చీలో ఉండదు. ఉదయం వచ్చి సంగతి విని మావారు నొచ్చుకున్నారు. తండ్రికి చెప్పకపోవడమేమిటి అన్నారు. ఈ విషయంలో మా ఇద్దరి అభిప్రాయాలు నేటికీ కలవలేదు. ఇటువంటి రాత్రి మళ్ళీ వచ్చినా నేను అలాగే చేస్తాను.

ఆ ఉదయం జరిగినది మరొకటి ఉన్నది. రాత్రంతా మేల్కొన్నది ఇద్దరమూ. ఎనిమిది గంటలకు మావారు నిద్రకు ఉపక్రమించారు, వారు నిద్రపోవాలి కూడా. నేను పిల్లలను తీసుకుని బయటపడ్డాను. మధ్యాహ్నం వారు లేచి, నన్ను చూసి, "నిన్న నీ షిఫ్టు ఎప్పుడు అయింది?" అని అడిగారు. తమాషాకు అన్నమాట. అన్న తరువాత ఇద్దరమూ నవ్వలేదు.

చార్జి అప్పగించుట

షిఫ్టులో ఒక నియమం ఉన్నది. రిలీవరు వచ్చేవరకు మనిషి తన స్థానం వదలరాదు. రిలీవరు వచ్చిన తరువాత ఉండనవసరమూ లేదు. వెళ్ళేవారు లాగ్‌బుక్కులో జరిగినది రాస్తారు, వచ్చినవారు చదివి సంతకం పెడతారు, చార్జి చేతులు మారుతుంది. ఆపైన ఏమి జరిగినా బాధ్యత వచ్చినవారిదే. మావారు ఈ పద్ధతిని నాకు ఎన్నోసార్లు గర్వంగా వివరించారు. ఆ మధ్యాహ్నం తరువాత అదే పద్ధతిని ఇంట్లో పెడదామని నేను అడిగాను.

చాలా ఇళ్ళలో భర్తలు సాయం చేస్తారు. అది కాదనలేము. కాని సాయం వేరు, చార్జి వేరు. సాయం చేసే మనిషి "తువ్వాలు ఎక్కడున్నది?", "ఎన్ని చెంచాలు పోయాలి?", "ఏడుస్తున్నది, ఏం చేయను?" అని అడుగుతూ ఉంటాడు. కాళ్ళకు విశ్రాంతి ఉంటుందేమో గాని మనసుకు ఉండదు. 'సి' షిఫ్టువారికి ఒక వీలున్నది, ఎవరూ అంతగా గమనించరు. జనరల్ షిఫ్టు తండ్రి పిల్లలను చూసేది చీకటి పడే వేళకు. 'సి' షిఫ్టు తండ్రి మధ్యాహ్నం ఒంటిగంటకు నిద్ర లేస్తే రాత్రి తొమ్మిదింబావు వరకు ఇంట్లోనే ఉంటాడు. కనుక ఆ వారంలో నాలుగు నుండి ఆరు వరకు చార్జి వారిది అని నిర్ణయించుకున్నాము. ఆరు తరువాత వారు మళ్ళీ ఒక గంటసేపు కునుకు తీస్తారు. రాత్రి డ్యూటీకి ముందు ఆ కునుకు చాలా మేలు చేస్తుంది.

మొదటి రోజు చంటిది అరగంట ఏడ్చింది. నేను పక్కగదిలో తలుపు వేసుకుని ఉన్నాను. రెండుసార్లు గడియ మీద చెయ్యి వేసి తీసేశాను. మూడవ రోజుకు ఏడుపు పది నిమిషాలకు దిగింది. వారం చివరికి నాలుగు కొట్టేసరికి పెద్దవాడు తానే వెళ్ళి తండ్రి చెప్పులు తెచ్చి మంచం దగ్గర పెట్టడం మొదలుపెట్టాడు. నా దగ్గర రాగిజావ కాకి కథకు గాని మింగని పిల్ల, తండ్రి దగ్గర కథలేమీ లేకుండా, కిటికీలోంచి లారీలు లెక్కపెడుతూ తాగేస్తున్నది. ఆ కిటుకు వారు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

లాగ్‌బుక్కు కూడా ఉన్నది. పాత డైరీ ఒకటి. ఎప్పుడు తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, మందు ఏ వేళకు పోశాము, పెద్దవాడు ఏ ప్రశ్నకు జవాబు కోసం కాచుకుని ఉన్నాడు. ఈ చివరిది ముఖ్యం. "చందమామకు 'సి' షిఫ్టేనా?" అని ఒక రోజు అడిగాడు. నేను ఆ ప్రశ్నను రిలీవరుకు వదిలేశాను.

ఇక ఆ రెండు గంటలూ నేను ఏమి చేస్తానని ఇరుగుపొరుగు అడుగుతారు. మొదటి రెండు 'సి' షిఫ్టు వారాలూ నిద్రపోయాను, అంతే. తరువాత లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక్కొక్కసారి ఊరికే మేడమీద కూర్చుంటాను. ఊరికే కూర్చోవడానికి ఇంత ఏర్పాటు కావాలా అని మా అత్తగారు మొదట ముక్కున వేలేసుకున్నారు. రాత్రంతా కష్టపడి వచ్చిన మగవాడిచేత పిల్లలను ఎత్తించడమా అన్నారు. ఆమె ఒక నెల మాతో ఉన్నారు. ఆ నెలలో ఒక 'సి' షిఫ్టు వారం వచ్చింది. ఉదయం ఎనిమిది నుండి ఒంటిగంట వరకు పిల్లులాట ఆమె కూడా ఆడారు. ఊరికి వెళ్ళేముందు కొడుకుతో, "నాలుగు దాటిందిరా, పిల్లని అందుకో" అని ఆమే గుర్తుచేశారు.

మా మెట్లవరుసలో ఇప్పుడు మూడు ఇళ్ళలో ఈ పద్ధతి నడుస్తున్నది. పై అంతస్తువారికి మాత్రం కుదరలేదు. వారి చిన్నపిల్లవాడికి ఇంకా నాలుగు నెలలే. తల్లిపాలు తప్ప మరొకటి పట్టరాదు కనుక రెండు గంటలు ఎడంగా ఉండటం కష్టం. ఆరు నెలలు నిండి ఉగ్గు మొదలైన తరువాత చూద్దామన్నారు. అప్పటివరకు ఆదివారం ఉదయం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు ఎవరూ తట్టకుండా చూసే పని ఆమె భర్త ఒప్పుకున్నారు. ఒడియాలో ఆయన మా అందరిముందే చార్జి తీసుకున్నట్లు సంతకం కూడా పెట్టారు, మా డైరీలోనే.